పని ఎవరు చేయాలి? డెస్క్‌టాప్ డేటాబేస్‌ను సర్వర్‌కు కలపడంపై ఐర్లండ్ నుంచి ఒక సమీక్ష

2020 మార్చి 27 రాత్రి ఐర్లండ్ ప్రధాని లియో వరద్కర్, అత్యవసరమైతే తప్ప ఎవరూ ఇల్లు కదలవద్దని ప్రకటించారు. పెద్ద కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాట్లు అప్పటికే ఉన్నాయి. చిక్కుల్లో పడింది చిన్న కార్యాలయాలు. చందాల లెక్కలు రాసుకునే స్వచ్ఛంద సంస్థలు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు, ఊరి క్రీడా సంఘాలు, పదిమంది పనిచేసే అకౌంటింగ్ ఆఫీసులు. వీటిలో చాలావాటి వ్యవహారమంతా ఒక్క మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో ఉంటుంది. ఎప్పుడో ఓపికున్న ఉద్యోగి ఒకరు సాయంత్రాలు కూర్చుని కట్టిన ఫైలు అది. ఆ మనిషి రిటైరై వెళ్లిపోయినా ఫైలు మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాన్ని షేర్డ్ డ్రైవ్‌లో పెట్టుకుని నలుగురూ కలిసి వాడుకుంటారు. ఆ వసంతంలో ఆ నలుగురూ నాలుగు ఇళ్లలో కూర్చుని, వీపీఎన్ పెట్టుకుని అదే ఫైలు తెరిచారు. ఒక్కో ఫారం రావడానికి నిమిషాలు పట్టింది. వైఫై ఒక్క క్షణం తెగితే చాలు, ఫైలు పాడైంది, రిపేరు చేయమంటారా అన్న ప్రశ్న తెర మీదికొచ్చేది.

డబ్లిన్‌లో డేటాబేస్ పనిచేసే మాలాంటి వాళ్లను అప్పటి నుంచీ అందరూ అడుగుతున్నది ఒకటే. ఫారాలు, రిపోర్టులు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, డేటాను మాత్రం బయటి సర్వర్‌లో పెట్టి రెండింటినీ కలపవచ్చా? కలపవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా కలుపుతూనే ఉన్నారు. అయినా ఇన్ని కనెక్షన్లు నత్తనడక నడవడానికి, ఇన్ని చోట్ల పేర్లు చెడిపోవడానికి, ఇంతమంది విసిగి పాత ఫైలుకే తిరిగి వెళ్లడానికి ఒక కారణం ఉంది. కలపడమంటే ఫైలు అడ్రసు మార్చడమేనని అనుకుంటారు. అసలు మారేది అడ్రసు కాదు, పనివాడు. వెతకడం, తాళం వేయడం, నంబర్లు ఇవ్వడం, నియమాలు చూడడం ఇంతకాలం డెస్క్‌టాప్ తనకు తానే చేసుకుంది. ఇప్పుడు అవన్నీ సర్వర్ చేయాలి. ఆ అప్పగింత పూర్తిగా జరిగిందా, సగంలో ఆగిందా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

యాక్సెస్‌లో డేటాబేస్ ఇంజిన్ ఒక చోట కూర్చుని ఉండదు. ఫైలు తెరిచిన ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక ఇంజిన్ నడుస్తుంది. షేర్డ్ డ్రైవ్‌కు ఆ ఫైలులో ఏముందో తెలియదు. అడిగిన బైట్లు ఇస్తుంది, పంపిన బైట్లు రాస్తుంది, అంతే. ఎవరు ఏ రికార్డు పట్టుకుని ఉన్నారో పక్కనే పుట్టే చిన్న లాక్ ఫైలును చూసి ఇంజిన్లు ఒకదానికొకటి తప్పుకుంటాయి. ఆఫీసులో కేబుల్ మీద ఇది బాగానే సాగుతుంది. ఒక ఇంజిన్ సగం రాసి మధ్యలో మాయమైతే మాత్రం ఫైలు అందరికీ చెడుతుంది. ఫైలు 2 జీబీ దాటకూడదు, ఒకేసారి 255 మంది వరకు వాడవచ్చు అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆ 255 ఆచరణలో ఎక్కడా కనిపించదు. ఇరవై మంది చేరేసరికే ఫైలు మూలుగుతుంది.

సర్వర్ పద్ధతి వేరు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏదైనా సరే, డేటాను ముట్టుకునేది సర్వర్ ప్రోగ్రామ్ ఒక్కటే. బయటివాళ్లు అడుగుతారు, అది వెతికి ఇస్తుంది. కరణం గారి దస్త్రాల మూట మొత్తం ఇంటికి మోసుకెళ్లి మన పట్టా మనమే వెతుక్కోవడానికీ, ఆయన దగ్గర కూర్చుని ఒక్క నకలు అడిగి తెచ్చుకోవడానికీ ఉన్నంత తేడా ఇది. నకలు రావడం మధ్యలో దారి తెగితే మళ్లీ అడుగుతాం. దస్త్రానికేమీ కాదు.

ఈ రెండింటి మధ్య వంతెన 1992లో పడింది. ఆ ఏడాది సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ తొలి వెర్షన్ తెచ్చింది, నవంబరులో యాక్సెస్ తొలి వెర్షన్ తెచ్చింది. అప్లికేషన్ ఒకే రకం పిలుపులతో అడుగుతుంది, మధ్యలో ఉన్న డ్రైవర్ వాటిని ఆయా సర్వర్‌కు అర్థమయ్యే తీరులోకి మారుస్తుంది. ఈ ఆలోచన ఒక్క కంపెనీది కాదు. పోటీ కంపెనీలు కలిసిన ఎస్‌క్యూఎల్ యాక్సెస్ గ్రూపు పని దీనికి పునాది, అదే 1995లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా నిలబడింది. జావా ప్రపంచానికి ఇలాంటి వంతెనగానే 1997లో జేడీబీసీ వచ్చింది. 2005లో వచ్చిన ఓపెన్ఆఫీస్ 2.0లో బేస్ అన్న భాగం చేరి, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ ఇలాంటి ఫారాల సాధనం దొరికింది. ఇప్పుడది లిబ్రేఆఫీస్ బేస్‌గా సాగుతోంది. ఓడీబీసీ, జేడీబీసీ, నేరుగా కలిపే డ్రైవర్: మూడు దారులూ అందులో ఉన్నాయి.

వేర్వేరు ప్రోగ్రాములను మాట్లాడించే ఈ పనిలో డబ్లిన్‌కూ వాటా ఉంది. ట్రినిటీ కాలేజీ నుంచి క్రిస్ హార్న్, షాన్ బేకర్, ఆన్రీ ఓటూల్ 1991లో పెట్టిన అయోనా టెక్నాలజీస్, ఒక యంత్రంలోని ప్రోగ్రామ్ మరో యంత్రంలోని ప్రోగ్రామ్‌ను పిలిచే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతా అమ్మింది. 1997లో నాస్‌డాక్‌కు ఎక్కింది. 2008లో దాన్ని కొన్న ప్రోగ్రెస్ సాఫ్ట్‌వేర్, అప్పటికే ఓడీబీసీ డ్రైవర్లకు పేరున్న డేటాడైరెక్ట్‌కూ యజమాని.

ఈ కనెక్షన్ దారుల్లో ఏది మంచిదన్నదానికి నా సమాధానం సూటిగానే ఉంటుంది. యాక్సెస్ వాడుతున్నవాళ్లు ఓడీబీసీతో లింక్డ్ టేబుళ్లు, అంటే డేటా సర్వర్‌లో ఉన్నా యాక్సెస్‌లో తనవిలా కనిపించే టేబుళ్లు, పెట్టుకోవాలి. బేస్ వాడుతున్నవాళ్లు పోస్ట్‌గ్రెస్‌కైతే లోపలే ఉన్న, నేరుగా కలిపే డ్రైవర్‌ను, లేదంటే జేడీబీసీని వాడాలి. ఇంకో డెస్క్‌టాప్ డేటాబేస్ అయిన ఫైల్‌మేకర్‌లో 2007 నుంచీ బయటి ఎస్‌క్యూఎల్ టేబుళ్లను తనవిగా చూపే సౌకర్యం ఉంది, కానీ టేబుల్ నిర్మాణం అందులోంచి మార్చలేం. రెండు వంతెనలను ఒకదాని మీద ఒకటి వేయడం మాత్రం వద్దు. జావాలో ఒకప్పుడు జేడీబీసీ నుంచి ఓడీబీసీకి దారి ఉండేది. 2014లో జావా 8 వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. దాన్నే నమ్ముకున్నవాళ్లు ఇరుక్కుపోయారు. యాక్సెస్‌లోనూ అలాంటిదే జరిగింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు నేరుగా అతుక్కునే డేటా ప్రాజెక్టులను ఏళ్ల తరబడి గొప్పగా చెప్పి, 2013 వెర్షన్‌లో పక్కన పెట్టారు. తర్వాత వచ్చిన యాక్సెస్ వెబ్ యాప్‌లను 2018లో మూసేశారు. సాదాసీదా లింక్డ్ టేబుల్ మాత్రం 1992 నుంచి నేటి వరకు నిలిచి ఉంది. చిన్న సంస్థకు కొత్తదనం కంటే ఈ మన్నికే ఎక్కువ అవసరం.

ఇక తలుపు దగ్గరి పేచీలు. మనుషులు రోజుల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చునేది ఇక్కడే. మొదటిది 32 బిట్లు, 64 బిట్ల గొడవ. ఆఫీస్ 64 బిట్లదైతే డ్రైవర్ కూడా 64 బిట్లదే కావాలి. విండోస్‌లో ఓడీబీసీ సెట్ చేసే ప్రోగ్రాములు రెండున్నాయి. రెండింటి ఫైలు పేరూ ఒకటే. వింత ఏమిటంటే సిస్టమ్32 అన్న ఫోల్డరులో ఉన్నది 64 బిట్లది, సిస్‌వావ్64 అన్న ఫోల్డరులో ఉన్నది 32 బిట్లది. ఒకదానిలో కనెక్షన్ వివరాలతో పెట్టిన డీఎస్ఎన్‌ను రెండోదాని అప్లికేషన్ తెరవబోతే, డ్రైవర్‌కూ అప్లికేషన్‌కూ ఆర్కిటెక్చర్ కుదరలేదని ఎర్రర్ వస్తుంది. సర్వర్‌లో ఏ లోపమూ లేకపోయినా అందరూ సర్వర్‌నే తిడతారు. విండోస్ 10కూ, ఆఫీస్ 2016, 2019లకూ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. కొత్త యంత్రాలకు మారుతున్న చిన్న ఆఫీసులన్నీ ఇప్పుడు ఈ గడప మీదే నిలబడి ఉన్నాయి.

రెండోది, సర్వర్ చెవులు మూసుకుని ఉండడం. పోస్ట్‌గ్రెస్ వేయగానే అది తన యంత్రంలోంచి వచ్చే పిలుపులే వింటుంది. ఉబుంటులో వేసిన మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ మొదట్లో ఆపివేసి ఉంటుంది. ఇది లోపం కాదు, జాగ్రత్త. మనమే చెప్పి తెరిపించాలి. ఆపైన పోస్ట్‌గ్రెస్‌లో ఏ అడ్రసు నుంచి ఎవరు రావచ్చో వేరే ఫైలులో రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ పేరుకు, వచ్చే చోటుకు ముడి ఉంటుంది. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ అయినా ఆఫీసు నుంచి లోపలికి రానిచ్చి, ఇంటి నుంచి రానివ్వకపోవచ్చు.

మూడోది, కాలంతో పాటు మారిన తాళాలు. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చింది, పాత డ్రైవర్లకు ఆ పద్ధతి తెలియదు. పోస్ట్‌గ్రెస్ 14 వెర్షన్‌లోనూ 2021లో ఇలాంటి మార్పే జరిగింది. 2022లో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఓడీబీసీ డ్రైవర్ 18, మనం చెప్పకపోయినా కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అది మంచిదే. కానీ సర్వర్‌లో ఉన్నది సొంతంగా సృష్టించుకున్న సర్టిఫికెట్ అయితే, దాన్ని ఇచ్చినవాళ్లను నమ్మలేనంటూ తలుపు వేసేస్తుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని, సర్టిఫికెట్ ఏదైనా నమ్మేయమని కనెక్షన్ స్ట్రింగ్‌లో ఒక మాట చేర్చడం. ఒకే గదిలోని పరీక్షకు ఫరవాలేదు. ఇంటర్నెట్ మీదుగా వెళ్లే కనెక్షన్‌కు ఆ మాట రాస్తే, మధ్యలో ఎవడైనా సర్వర్ వేషం కట్టి కూర్చోవచ్చు. సరైన సర్టిఫికెట్ పెట్టడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించాలి.

తలుపు తెరుచుకున్నాక మాట అర్థం కావాలి. ఐర్లండ్‌లో ఇది సామాన్యమైన సంగతి కాదు. ఐరిష్ పేర్లలో అచ్చుల మీద ఏటవాలు గీత ఉంటుంది. దాన్ని ఫాడా అంటారు. షాన్, షివాన్, ఓ కొనల్ వంటి పేర్లను ఐరిష్ స్పెల్లింగులో రాసేటప్పుడు ఆ గీత అలంకారం కాదు, పేరులో భాగం. తొలి ఐబీఎం పీసీల కోడ్ పేజీ 437లో ఫాడా ఉన్న చిన్నక్షరాలు ఐదూ ఉన్నాయి. పెద్దక్షరాల్లో మాత్రం 'ఈ' ఒక్కటే ఉంది. అంటే పేరు ముందు వచ్చే పెద్ద 'ఓ'ను ఫాడాతో రాసే వీలే లేదు. తర్వాత వచ్చిన కోడ్ పేజీ 850లో ఆ లోటు తీరింది, ఇంకో చిక్కు వచ్చింది. అందులో 233 అన్న బైటు ఫాడా ఉన్న పెద్ద 'యు'. విండోస్ కోడ్ పేజీ 1252లో అదే బైటు ఫాడా ఉన్న చిన్న 'ఈ'. డాస్ కాలం నాటి ఫైలును విండోస్‌లోకి, అక్కడి నుంచి సర్వర్‌లోకి తెచ్చిన సంస్థల జాబితాల్లో ఒక పేరులోని అక్షరం ఇంకో అక్షరంగా మారి ఉండడానికి మూలం ఇలాంటిదే.

ఇప్పుడు యూనికోడ్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ దారి పొడుగునా ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు మనం చెప్పకపోతే లాటిన్1 అక్షరాలే తీసుకునేది. 8వ వెర్షన్ నుంచే యూటీఎఫ్8ఎంబీ4 మామూలైంది. మైఎస్‌క్యూఎల్‌కూ పోస్ట్‌గ్రెస్‌కూ ఓడీబీసీ డ్రైవర్లు రెండేసి ఉంటాయి: ఆన్సీ, యూనికోడ్. జాబితాలో ఆన్సీ ముందు కనిపిస్తుంది, అదే నొక్కేస్తారు. ఫాడాలు లాటిన్1లోనూ ఉన్నాయి కాబట్టి పరీక్షలో అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. తెలుగులో ఒక పేరు రాసి చూస్తే బండారం బయటపడుతుంది. అక్షరాల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ ప్రశ్నార్థకాలు సేవ్ అయ్యాక అసలు పేరు ఇక తిరిగి రాదు. అందుకే ఏ సంస్థకు కనెక్షన్ పెట్టినా మొదటి పరీక్షగా నేను ఒక ఐరిష్ పేరు, ఒక పోలిష్ పేరు, ఒక తెలుగు పేరు రాసి, సేవ్ చేసి, మూసి, తెరిచి చూస్తాను. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ఇంకో మెలిక ఉంది. నేరుగా పంపే క్వెరీలో పేరు ముందు 'ఎన్' అన్న అక్షరం పెట్టకపోతే కాలమ్ యూనికోడ్‌దే అయినా ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

ఇది అక్షరాల మీద చాదస్తం కాదని చెప్పడానికి ఒక ఫిర్యాదు ఉంది. ఐర్లండ్ డేటా ప్రొటెక్షన్ కమిషన్ తన కేస్ స్టడీల్లో దాన్ని ప్రచురించింది. ఒక రోగి తన పేరును ఫాడాలతో సరిగ్గా నమోదు చేయమని ఆరోగ్య సంస్థను అడిగారు. తమ కంప్యూటర్ వ్యవస్థ ఫాడాలను తీసుకోదని సంస్థ చెప్పింది. యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 16వ అధికరణం తప్పును దిద్దించుకునే హక్కు ఇస్తుంది. ఆ హక్కు సంపూర్ణం కాదని, ఏ ప్రయోజనం కోసం డేటా వాడుతున్నారో దాన్ని బట్టి చూడాలని కమిషన్ తేల్చింది. చట్టం దృష్టిలో ఆ తీర్పుకు ఆధారాలున్నాయి. కానీ ఒక మనిషి తన పేరు తనదిగా రాయించుకోలేకపోవడానికి ఒక కోడ్ పేజీ కారణం కావడం నాకు మింగుడుపడదు. 2021 డిసెంబరులో వచ్చిన అధికార భాషల సవరణ చట్టం ఈ లోటును గుర్తించింది. పేరు, చిరునామా ఐరిష్‌లో రాసుకునేవారికి వాటిని ఆ రూపంలోనే నమోదు చేయగలిగే బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీద పెట్టింది. ప్రభుత్వ సంస్థ కాని చిన్న సంఘానికి చట్టం అడ్డు రాకపోవచ్చు, సభ్యుడి పేరు మాత్రం వస్తుంది.

ఐరిష్ పేర్లు పెట్టే రెండో పరీక్ష ఓబ్రయన్, ఓసలివన్ లాంటి ఇంటిపేర్లు. ఇంగ్లిష్ స్పెల్లింగులో 'ఓ' తర్వాత ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో మాటల మొదలు, చివర తెలిపే గుర్తు కూడా అదే. యాక్సెస్‌లో పాతకాలం వీబీఏ కోడ్ తరచుగా మాటకు మాట అతికించి క్వెరీ తయారుచేస్తుంది. అందులో ఓబ్రయన్ అని వెతికితే 'ఓ' దగ్గరే మాట ముగిసిందని ఇంజిన్ అనుకుంటుంది, బ్రయన్ అన్నది అర్థంలేని ఆజ్ఞగా మిగులుతుంది. యాక్సెస్‌లో డబుల్ కోట్లు కూడా నడుస్తాయి కాబట్టి పాత కోడ్ వాటితో నెట్టుకొచ్చి ఉంటుంది. సర్వర్‌కు నేరుగా పంపినప్పుడు ఆ వెసులుబాటు పోతుంది, ఈ దేశపు ఎన్నో ఇంటిపేర్లు కూలబడతాయి. గుర్తును రెండుసార్లు రాసి దాటేసేవాళ్లున్నారు. సరైన దారి మాత్రం పారామీటర్లే: క్వెరీ వేరు, విలువ వేరు పంపడం. క్వెరీలోకి తన ఆజ్ఞను చొప్పించే ఇంజెక్షన్ దాడులకు అడ్డుకట్ట కూడా అదే. ఆ దాడి చేసేవాడు వాడుకునేదీ ఈ అపాస్ట్రఫీనే.

వెతకడంలోనూ అలవాట్లు మారతాయి. యాక్సెస్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు పశ్చిమ యూరప్ కొలేషన్, అంటే అక్షరాలను పోల్చే నియమం, ఫాడా తేడా పాటిస్తుంది. రిసెప్షన్‌లో గీత లేకుండా పేరు టైపు చేస్తే గీత ఉన్న మనిషి దొరకరు, కొత్త రికార్డు పుట్టుకొస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8 మామూలు కొలేషన్ ఆ తేడా చూడకుండా ఇద్దరినీ చూపుతుంది. పేర్లు వెతికే కాలమ్‌కు నేను రెండో పద్ధతినే కోరుకుంటాను: భద్రపరచడం గీతతో, వెతకడం గీత పట్టింపు లేకుండా.

అక్షరాల తర్వాత అవును-కాదుల పేచీ. జార్జ్ బూల్ 1849లో కార్క్‌లోని క్వీన్స్ కాలేజీకి తొలి గణిత ప్రొఫెసరై వచ్చి, 1864లో చనిపోయే వరకు అక్కడే ఉన్నారు. నిజం, అబద్ధం అనే రెండు విలువల తర్కం ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆ రెండు విలువల దగ్గరే డెస్క్‌టాప్‌కూ సర్వర్‌కూ కుదరదు. యాక్సెస్‌లో నిజమంటే మైనస్ 1, ఎస్‌క్యూఎల్ సర్వర్ బిట్ కాలమ్‌లో 1. పోస్ట్‌గ్రెస్‌లో బూలియన్ విడి రకం, దాన్ని యాక్సెస్‌కు ఏ రూపంలో చూపాలో డ్రైవర్ సెట్టింగుల్లో చెప్పాలి. 'నిజం అంటే మైనస్ 1' అని పాత క్వెరీలో రాసి ఉంటే లింక్ చేశాక ఒక్క రికార్డూ రాదు. సున్నా కాదు అని రాస్తే అన్నిచోట్లా పనిచేస్తుంది.

ఎక్కువమందిని ఏడిపించేది ఇంకొకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్ బిట్ కాలమ్ ఖాళీగా ఉండవచ్చు. యాక్సెస్ అవును-కాదు కాలమ్ ఎన్నడూ ఖాళీగా ఉండదు. ఖాళీ బిట్ ఉన్న రికార్డును యాక్సెస్‌లో దిద్ది సేవ్ చేయబోతే, మీరు తెరిచాక ఈ రికార్డును ఇంకెవరో మార్చారని సందేశం వస్తుంది. ఎవరూ మార్చలేదు. సేవ్ చేసే ముందు యాక్సెస్ పాత విలువలను సర్వర్‌లోని వాటితో పోల్చుకుంటుంది, ఖాళీ స్థానంలో తాను అనుకున్న సున్నా అక్కడ కనబడదు. ఆఫీసులో ఒక్కరే కూర్చుని పనిచేస్తున్న మనిషికి ఈ సందేశం వస్తే ఎవరో చొరబడ్డారని భయపడతారు. మందు తేలిక: బిట్ కాలమ్‌లు ఖాళీగా ఉండకూడదని నియమం పెట్టి, ప్రతి టేబుల్‌కూ రికార్డు మారినప్పుడల్లా మారే ఒక రోవెర్షన్ కాలమ్ చేర్చడం. అప్పుడు యాక్సెస్ అన్ని కాలమ్‌లనూ పోల్చదు, ఆ ఒక్క ముద్రనే చూస్తుంది.

ప్రైమరీ కీ లేని టేబుల్‌ను లింక్ చేస్తే చూడగలం గానీ దిద్దలేం. ఆటోనంబర్ యాక్సెస్‌లో మొదటి అక్షరం కొట్టగానే వస్తుంది, సర్వర్‌లో సేవ్ అయ్యాకే వస్తుంది. ఆ నంబరు ముందే ఉంటుందనుకుని రాసిన కోడ్ ఆగిపోతుంది.

వేగం దగ్గరికొస్తే, మొదట చెప్పిన అప్పగింత ఎంత జరిగిందో ఇక్కడ కనబడిపోతుంది. లింక్డ్ టేబుల్ మీద క్వెరీ రాస్తే యాక్సెస్ వీలైనంత మేరకు దాన్ని సర్వర్‌కే పంపుతుంది. అందులో సర్వర్‌కు తెలియని వీబీఏ ఫంక్షన్ ఒక్కటి షరతుగా కూర్చుంటే, సర్వర్‌లో వడకట్టడం కుదరక రికార్డులన్నీ లాక్కొచ్చి తన దగ్గరే వడకడుతుంది. కంప్యూటర్‌లో ఉన్న టేబుల్‌నూ సర్వర్ టేబుల్‌నూ కలిపి జాయిన్ చేసినప్పుడూ ఇదే జరగవచ్చు. పది రికార్డుల కోసం లక్ష రికార్డులు తీగ మీద ప్రయాణిస్తాయి. బయటికి మాత్రం కనెక్షన్ నెమ్మది అన్న మాటే వినబడుతుంది. బరువైన క్వెరీలను వ్యూలుగా సర్వర్‌లో రాయడం, రిపోర్టులకు సర్వర్ భాషలోనే నేరుగా పంపే పాస్‌త్రూ క్వెరీలు వాడడం, ఫారం తెరవగానే టేబుల్ మొత్తం కాకుండా అడిగిన ఒక్క మనిషి రికార్డునే తేవడం: ఈ మూడు చేస్తే చాలా ఆఫీసుల బాధ తీరిపోతుంది.

దూరం సంగతి లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక ఫారం తెరవడానికి రెండు వందల చిన్న ప్రశ్నలు వెళ్తాయనుకుందాం. ఆఫీసు గదిలోని సర్వర్‌కు ఒక ప్రశ్న వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను అయితే మొత్తం అయిదో వంతు సెకను. ఇంటి నుంచి 30 మిల్లీసెకన్లయితే ఆరు సెకన్లు. హైదరాబాద్‌లోని సపోర్టు బృందం డబ్లిన్ సర్వర్‌ను తెరిస్తే 150 మిల్లీసెకన్ల చొప్పున అర నిమిషం. బ్రాడ్‌బ్యాండ్ ఎంత వెడల్పైనా ఈ అర నిమిషం తగ్గదు, ఎందుకంటే కొరత వెడల్పులో కాదు, రాకపోకల సంఖ్యలో ఉంది. 2019 నవంబరులో ఒప్పందమైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ పథకం పల్లెల్లోకి ఫైబర్ తెస్తోంది, అది నిజంగా మేలు. అయినా ప్రశ్నలు తగ్గించని అప్లికేషన్‌ను ఫైబర్ రక్షించదు. దూరం నుంచి వాడక తప్పనివాళ్లకు యాక్సెస్‌ను సర్వర్ పక్కనే ఒక యంత్రంలో నడిపి, దాని తెరను మాత్రం రిమోట్ డెస్క్‌టాప్‌తో చూడడం మంచిది.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది ఐర్లండ్‌లో తేలిగ్గా తేలుతుంది. అమెజాన్ 2007 నుంచీ, మైక్రోసాఫ్ట్ 2009 నుంచీ డబ్లిన్ పరిసరాల్లో డేటా సెంటర్లు నడుపుతున్నాయి. 2023లో ఈ దేశపు మీటరు కరెంటులో 21 శాతం డేటా సెంటర్లే వాడుకున్నాయని కేంద్ర గణాంక కార్యాలయం లెక్క చెప్పింది. అంత పెద్ద వ్యవస్థలూ పడిపోతాయి. 2011 ఆగస్టులో కరెంటు పోయి డబ్లిన్‌లో అమెజాన్, మైక్రోసాఫ్ట్ సేవలు రెండూ దెబ్బతిన్నాయి. క్లౌడ్ అనగానే బ్యాకప్ బాధ్యత తీరిపోదు.

భద్రత దగ్గర నేను రాజీపడను. 2021 మే 14న ఐర్లండ్ ఆరోగ్య సేవల సంస్థ హెచ్ఎస్ఈ వ్యవస్థలను కాంటి అనే ముఠా రాన్సమ్‌వేర్‌తో పడగొట్టింది. ఆస్పత్రులు మళ్లీ కాగితం, కలం పట్టాయి. ఆ డిసెంబరులో వెలువడిన పీడబ్ల్యూసీ నివేదిక ప్రకారం దాడి మొదలైంది మార్చిలో, ఒక్క ఉద్యోగి తెరిచిన ఎక్సెల్ ఫైలుతో. అప్పటికి 30 వేలకు పైగా యంత్రాలు ఇంకా విండోస్ 7 మీదే ఉండేవి. అడ్డుగోడలు లేని నెట్‌వర్క్‌లో ఒక చోట చొరబడ్డవాడు ఎక్కడికైనా పోగలిగాడు. డెస్క్‌టాప్ నుంచి డేటాబేస్‌కు నేరుగా దారి వేసే ప్రతివాళ్లూ ఆ నివేదిక చదవాలి. మనం వేస్తున్నదీ ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్ నుంచి సంస్థ గుండెలోకి దారి.

మైఎస్‌క్యూఎల్ 3306, పోస్ట్‌గ్రెస్ 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433. ఈ పోర్టులను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకూడదు, వీపీఎన్ లోంచో ఎస్ఎస్‌హెచ్ సొరంగం లోంచో రావాలి. క్లౌడ్ సర్వర్ ఫైర్‌వాల్‌లో ఇంటి అడ్రసు రాస్తే, ఇంటి ఐపీ మారినప్పుడల్లా కనెక్షన్ తెగుతుంది. విసుగెత్తి ఎవరో ఒకరు మొదటి ఐపీ నుంచి చివరి ఐపీ దాకా మొత్తం ప్రపంచాన్ని అనుమతిస్తారు. ఆ ఒక్క అనుమతి వెనక సంస్థ సభ్యులందరి వివరాలూ ఉంటాయి. లింక్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ సేవ్ చేయమంటే యాక్సెస్ దాన్ని తన లోపలి టేబుల్‌లో ఉన్నదున్నట్టుగా రాసిపెడుతుంది. ఫైలు చేతికొచ్చిన ఎవరైనా చదువుకోవచ్చు. వీలైన చోట విండోస్ లాగిన్‌తోనే సర్వర్‌లోకి పోవాలి. లేని చోట అప్లికేషన్ తెరవగానే మనిషిని అడగాలి. అడ్మిన్ ఖాతాతో ఫారాలు నడపడం ఎక్కడ చూసినా ఆపించాలి. చందాలు రాసే మనిషికి చందాల టేబుల్ చాలు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పని కాబట్టి ఇంకో మాట. ఐర్లండ్ సంస్థ డేటా డబ్లిన్‌లోనే ఉన్నా, భారత్‌లోని కాంట్రాక్టు కంపెనీ దాన్ని అక్కడి నుంచి తెరిచి చూస్తే జీడీపీఆర్ లెక్కలో అది దేశం దాటించడమే. భారత్‌కు యూరోపియన్ యూనియన్ తగిన రక్షణ ఉందన్న గుర్తింపు ఇవ్వలేదు. ప్రామాణిక ఒప్పంద నిబంధనల మీద సంతకాలుండాలి. కనెక్షన్ స్ట్రింగ్ ఈమెయిల్‌లో పంపి, కాస్త చూసి పెట్టండి అనడం ఇక్కడి చట్టం ముందు నిలవదు.

ఇంత శ్రమ ఎందుకు, మొత్తం వెబ్ అప్లికేషన్‌గా రాసేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. బయటి జనం వాడేదైతే తప్పకుండా రాయాలి. లోపలి నలుగురు వాడే, ఇరవై ఏళ్లుగా వాళ్ల పనికి తగ్గట్టు ఒదిగిన ఫారాలను చెరిపి, చేతిలో లేని డబ్బుతో కొత్తవి కట్టించడం చాలా సంఘాలకు అక్కరలేని భారం. ముందు టేబుళ్లు సర్వర్‌కు చేర్చి, నియమాలు అక్కడ రాసి, ఫారాలను లింక్ చేస్తే, రేపు వెబ్ పేజీ రాయాలన్నా అదే సర్వర్ సిద్ధంగా ఉంటుంది. ఖర్చూ పెద్దది కాదు. మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ ఉచితం. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022 వెర్షన్ 10 జీబీ వరకు ఉచితమే, అది యాక్సెస్ హద్దుకు అయిదింతలు. తరలించడానికి మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ అసిస్టెంట్ కూడా ఊరికే దొరుకుతుంది.

తరలించాక ఎవరూ తలచుకోనిది పాత ఫైలు. లింకులన్నీ పనిచేశాయి, అందరూ సంతోషంగా ఉన్నారు, షేర్డ్ డ్రైవ్‌లో మాత్రం పేరు చివర 'పాతది' అని చేర్చిన యాక్సెస్ ఫైలు అలాగే పడి ఉంటుంది. అందులో అందరి పేర్లు, ఫోన్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి, పాస్‌వర్డ్ ఉండదు. సర్వర్‌కు పెట్టిన తాళాలేవీ దానికి వర్తించవు. కొత్త ఏర్పాటు కుదురుకునే వరకు దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఒకరి బాధ్యతలో ఉంచాలి, తీసేసే తేదీ ముందే రాసి పెట్టుకోవాలి. ఆ తేదీన ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లలోని కాపీలూ, బ్యాకప్ డిస్కుల్లోని కాపీలూ కూడా పోవాలి.